వెనక ఎయిర్ షాక్‌లలో గాలి ఎంత ఉండాలి?

ప్రశ్న: నా టూరింగ్ మోటార్‌సైకిల్‌కు వెనక రెండు ఎయిర్ షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి. రెండింటికీ కలిపి గాలి నింపడానికి ఒకే వాల్వ్ ఉంది. ఎక్కువ రోజులు ఒక్కడినే నడుపుతాను. సెలవుల్లో మాత్రం నా భార్యతో కలిసి, రెండు సైడ్ బాక్సులూ వెనక పెట్టె నిండా సామానుతో దూరప్రయాణాలు చేస్తాను. అప్పుడు గతుకుల మీద బండి వెనకభాగం పూర్తిగా దిగిపోయి దబ్బున కొడుతోంది. బండితో వచ్చిన పుస్తకంలో గరిష్ఠ పీడనం 35 పీఎస్‌ఐ అని ఉంది. ఎప్పుడూ 35 ఉంచితే ఏ ఇబ్బందీ ఉండదని ఒక మిత్రుడు అంటున్నాడు. ఇన్నాళ్లూ టైర్లకు గాలి పట్టే కంప్రెసర్‌తోనే నింపుతున్నాను. 30 నింపి మర్నాడు టైరు గేజ్ పెడితే 25 చూపిస్తోంది, ఆ మర్నాడు పెడితే ఇంకా తక్కువ చూపిస్తోంది. షాక్‌లు పాడైపోయాయా? అసలు ఎంత గాలి ఉంచాలి?

సమాధానం: ముందుగా ఒక విన్నపం. ఆ కంప్రెసర్‌ను షాక్‌ల వాల్వ్‌కు ఇక తగిలించకండి. మీ షాక్‌లు ఇప్పటికి బాగానే ఉండి ఉండవచ్చు గానీ, ఇలాగే నింపుతూ పోతే ఏదో ఒక రోజు సీల్ తెగడం ఖాయం. కారణం కింద వివరంగా రాస్తాను.

ఇక ఎంత గాలి ఉంచాలన్న ప్రశ్నకు వస్తే, మీ బండిని, మీ ఇద్దరి బరువును, మీ సామానును చూడకుండా ఎవరు ఒక అంకె చెప్పినా అది ఊహే అవుతుంది. ఒకే మోడల్ బండిలో 20 పీఎస్‌ఐ ఒకరికి సరిగ్గా సరిపోతుంది, మరొకరికి చాలదు, ఇంకొకరికి ఎక్కువవుతుంది. మీరు సరిచూసుకోవలసింది బరువు ఎక్కిన తర్వాత బండి వెనకభాగం ఎంత ఎత్తులో నిలబడుతోంది అన్నది. ఆ ఎత్తును తెచ్చిపెట్టే పీడనం ఏదైతే అదే మీ అంకె. ఈ ఎత్తును కొలవడానికి ఒక టేపు, ఒక తోడు మనిషి, ఒక పూట తీరిక చాలు. ఒకసారి కొలుచుకుంటే ఆ లెక్క చాలా కాలం పనికొస్తుంది.

కొలతలోకి వెళ్లేముందు ఆ షాక్ లోపల గాలి చేసే పని ఏమిటో కొంచెం తెలుసుకోవాలి. చాలా టూరింగ్ బండ్లలో షాక్ లోపల ఉక్కు స్ప్రింగ్ ఒకటి ఉంటుంది, దాని కదలికను అదుపుచేసే నూనె ఉంటుంది, ఆ నూనె పైన కొద్దిపాటి ఖాళీలో గాలి ఉంటుంది. మనం నింపే గాలి ఉక్కు స్ప్రింగ్‌కు తోడుగా నిలిచే రెండో స్ప్రింగ్ అన్నమాట. అయితే ఈ రెండింటి స్వభావం వేరు. సాధారణమైన ఉక్కు స్ప్రింగ్ ఎంత నొక్కితే అదే నిష్పత్తిలో ఎదురు తోస్తుంది. గాలి మాత్రం నొక్కేకొద్దీ మరింత మొండిగా తిరగబడుతుంది. లోపలి గాలి 30 పీఎస్‌ఐ దగ్గర ఉందనుకుందాం. గేజ్ చూపించేది బయటి వాతావరణ పీడనానికి పైన ఉన్నది మాత్రమే కాబట్టి, ఆ 14.7 కలుపుకుంటే అసలు పీడనం 44.7. ఒక గతుకులో షాక్ దిగి ఆ గాలి ఉన్న చోటు సగానికి తగ్గిందంటే అసలు పీడనం రెట్టింపై 89.4 అవుతుంది, అంటే గేజ్ లెక్కలో దాదాపు 75. అదే 10 పీఎస్‌ఐతో మొదలుపెట్టి ఉంటే అదే గతుకులో 35 దగ్గరే ఆగేది. వేగంగా నొక్కుకున్నప్పుడు గాలి వేడెక్కుతుంది కనుక వాస్తవంలో ఈ అంకెలు ఇంకొంచెం ఎక్కువే ఉంటాయి. షాక్ అడుగుకు తగలకుండా చివరి క్షణంలో కాపాడేది గాలికి ఉన్న ఈ గుణమే. నిలబడి ఉన్న బండిలో స్వల్పంగా కనిపించే పీడనపు తేడా గతుకుల్లో ఎందుకంత పెద్దదిగా తెలుస్తుందో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది.

మీ మిత్రుడి సలహాలోని చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఇద్దరూ, నిండా సామానూ ఉన్నప్పుడు 35 అవసరమే కావచ్చు. మీరు ఒక్కరే ఎక్కినప్పుడు అదే 35 ఉంటే బండి వెనకభాగం దాదాపు పూర్తిగా పైకి లేచి నిలబడుతుంది. అప్పుడు చక్రానికి కిందికి దిగే అవకాశం మిగలదు. రోడ్డులో చిన్న పల్లం వచ్చినా చక్రం దాన్ని అనుసరించి దిగలేక, నేల మీద దాని పట్టు ఒక్క క్షణం సడలుతుంది. మెరక వచ్చినప్పుడు ఆ దెబ్బంతా సీటులోంచి మీ నడుముకు తగులుతుంది. వంపులో ఉండగా, లేదా గట్టిగా బ్రేకు వేసిన సమయంలో వెనక చక్రం ఇలా ఎగిరిపడటం ప్రమాదకరం. పైగా పీడనం పెరిగినకొద్దీ షాక్ కడ్డీ చుట్టూ ఉన్న సీల్ దాన్ని మరింత గట్టిగా పట్టుకుంటుంది, ఆ రాపిడి వల్ల చిన్న చిన్న గతుకులకు షాక్ కదలడమే మానేస్తుంది. పుస్తకంలో 35 అని రాసింది దాటకూడని హద్దును చెప్పడానికి. ఆ అంకెను రోజూ పాటించమని తయారీదారు చెప్పలేదు.

పీడనం తక్కువైనప్పుడు మీరు రాసినట్టు అడుగుకు కొట్టడం ఒక్కటే నష్టం కాదు. వెనకభాగం కుంగితే ముందుభాగం ఆ మేరకు పైకి చూస్తుంది. ముందు వెనక చక్రాల ఇరుసుల మధ్య దూరం 1,600 మిల్లీమీటర్లు ఉన్న బండి వెనక 40 మిల్లీమీటర్లు అదనంగా దిగిందంటే, హెడ్‌లైట్ వెలుగు 25 మీటర్ల దూరంలో దాదాపు 60 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. రాత్రిపూట ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడేది ఆ వెలుగే. దూరప్రయాణంలో ఎదుటి బండ్లవాళ్లు అదేపనిగా లైటు కొట్టి హెచ్చరిస్తున్నారంటే బల్బును అనుమానించేముందు వెనక షాక్‌ల ఎత్తు చూసుకోవడం మంచిది. హ్యాండిల్ తిరగడం కూడా బరువుగా, ఆలస్యంగా అనిపిస్తుంది, ఎందుకంటే వెనక దిగితే ముందు ఫోర్కుల వాలు పెరుగుతుంది. వంపులో బండి వాల్చినప్పుడు ఫుట్‌బోర్డు మామూలు కన్నా ముందే నేలకు రాసుకుంటుంది.

మరొక విషయం చాలామంది గమనించరు. బండి ఎత్తు తగ్గితే సైడ్ స్టాండ్ దానికి పొడవైపోతుంది. దానివల్ల బండి ఎడమకు చాలినంత వాలకుండా నిటారుగా నిలబడుతుంది. గాలి కారుతున్న షాక్‌లతో రాత్రంతా నిలిపి ఉంచిన బరువైన బండి, చిన్న తాకిడికే కుడివైపు ఒరిగిపోవచ్చు. మీ షాక్‌లలో గాలి నిలవడం లేదన్న అనుమానం తీరేదాకా బండిని నిలిపే చోటు విషయంలో జాగ్రత్తగా ఉండండి. కుడివైపుకు వాలుగా ఉన్న నేలపై అసలు నిలపకండి.

ఇప్పుడు కొలత. ముందు బండిలో పెట్రోలు నిండుగా ఉండేలా చూసుకోండి. వెనక చక్రం ఇరుసు మధ్య బిందువు నుంచి దానికి సరిగ్గా నిలువుగా పైన మడ్‌గార్డు మీదో ఫ్రేమ్ మీదో ఒక గుర్తు పెట్టుకోండి. అది కదలని భాగమై ఉండాలి, సైడ్ బాక్సు మూతలాంటిది పనికిరాదు. ఆ గుర్తుకూ ఇరుసుకూ మధ్య దూరాన్ని మూడు స్థితుల్లో కొలవాలి. మొదటిది, వెనక చక్రం గాలిలో వేలాడేలా బండిని లేపి, షాక్‌లు పూర్తిగా చాచుకుని ఉన్నప్పుడు. సెంటర్ స్టాండ్ ఉంటే ఇది తేలిక. లేకపోతే బండి అడుగున ఫ్రేమ్‌ను పట్టే తగిన జాకీ వాడండి, ఒక మనిషి బండిని తప్పనిసరిగా పట్టుకుని ఉండాలి. రెండోది, బండి తన రెండు చక్రాలపై నిటారుగా, మనుషులూ సామానూ లేకుండా నిలబడినప్పుడు. మూడోది, మీరు నిజంగా ప్రయాణించే తీరులో, అంటే మీరిద్దరూ హెల్మెట్లూ జాకెట్లూ బూట్లతో సహా ఎక్కి కూర్చుని, కాళ్లు ఫుట్‌బోర్డుల మీద పెట్టి, పెట్టెల్లో అసలు సామానే ఉన్నప్పుడు. ముందు నుంచి ఎవరైనా హ్యాండిల్ పట్టుకుని బండిని నిటారుగా నిలపాలి, ఇంకొకరు కొలవాలి.

కొలిచేటప్పుడు ఒక చిన్న మెళకువ పాటించాలి. షాక్ లోపలి రాపిడి వల్ల అది ఎక్కడ ఆగితే అక్కడే కొంత చిక్కుకుపోతుంది. అందుకని వెనకభాగాన్ని చేత్తో కిందికి నొక్కి నెమ్మదిగా వదిలి ఒకసారి కొలవండి. తర్వాత పైకి లేపి నెమ్మదిగా వదిలి మరొకసారి కొలవండి. రెండింటి సగటు తీసుకోండి. ఈ రెండు కొలతల మధ్య తేడా మరీ ఎక్కువగా, పది మిల్లీమీటర్లకు పైగా కనిపిస్తే, సీళ్లో బుష్‌లో బిగుసుకుపోయాయేమో చూపించడం అవసరం.

మొదటి కొలత నుంచి మూడో కొలత తీసివేస్తే వచ్చేదే రైడర్లు శాగ్ అని పిలిచే కుంగుదల. రోడ్డు మీద తిరిగే టూరింగ్ బండికి ఇది వెనక చక్రం మొత్తం కదలికలో సుమారు మూడో వంతు ఉంటే బాగుంటుంది. పావు వంతు దగ్గర ఉన్నా ఫరవాలేదు. బండి మొత్తం కదలిక ఎంతో మీ పుస్తకంలోని సాంకేతిక వివరాల పేజీలో వెనక చక్రపు కదలిక కింద రాసి ఉంటుంది. ఉదాహరణకు అది 75 మిల్లీమీటర్లు అనుకోండి. షాక్‌లు చాచుకున్నప్పుడు మీ కొలత 420, ఇద్దరూ సామానుతో ఎక్కినప్పుడు 380 వచ్చిందంటే కుంగుదల 40. అంటే ఏ గతుకూ రాకముందే సగానికి పైగా కదలిక ఖర్చైపోయింది, గతుకులకు మిగిలింది 35 మాత్రమే. అలాంటి బండి దబ్బున కొట్టడంలో ఆశ్చర్యం లేదు. ఆ 40 దాదాపు 25కి వచ్చేదాకా గాలి పెంచుకుంటూ పోవాలి. అసలు కదలికే తక్కువగా ఉన్న ఎత్తు తగ్గించిన మోడల్ అయితే, ఒక్కో మిల్లీమీటరూ విలువైనదే కాబట్టి, పావు వంతు వైపే మొగ్గండి.

పెంచేటప్పుడు ఒకేసారి పది పెంచకండి. మీ హద్దు 35 కాబట్టి, ఇద్దరికీ సామానుకూ 20 దగ్గర మొదలుపెట్టి మూడు నాలుగు పీఎస్‌ఐ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ షాక్‌లను నాలుగైదు సార్లు నొక్కి వదిలి, మళ్లీ కొలవండి. ఒంటరి ప్రయాణానికి ఇదే పద్ధతిలో విడిగా కొలుచుకోండి. ఆ అంకె బహుశా 0 నుంచి 10 మధ్య ఎక్కడో పడుతుంది. కొన్ని బండ్లలో ఉక్కు స్ప్రింగ్ ఒక్కటే ఒక మనిషిని మోయగలిగేంత బలంగా ఉంటుంది కాబట్టి, పుస్తకం 0ను అనుమతిస్తే 0 ఉంచడంలో తప్పేమీ లేదు. పుస్తకం కనీస పీడనం ఇంత అని చెప్పి ఉంటే మాత్రం దాని కిందికి పోకండి. ఒంటరిగా, ఇద్దరూ సామాను లేకుండా, ఇద్దరూ సామానుతో అన్న మూడు స్థితులకూ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి సీటు కింద పెట్టుకుంటే ప్రయాణానికి ముందురోజు తడబాటు ఉండదు. కొలతకు సరిగ్గా కుదిరిన అంకె కూడా రోడ్డు మీద ఒకటి రెండు పీఎస్‌ఐ అటూ ఇటూ మార్చుకోవలసి రావచ్చు. అలా మార్చేటప్పుడు మీకు బాగా తెలిసిన ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో పోల్చుకోండి. వేర్వేరు రోడ్ల మీద వేర్వేరు రోజుల్లో వచ్చిన అభిప్రాయాలు ఒకదానితో ఒకటి పొసగవు.

ఇక కంప్రెసర్ సంగతి. ఆ వాల్వ్ చూడటానికి టైరు వాల్వ్ లాగే ఉంటుంది, టైరు గొట్టం దానికి చక్కగా పడుతుంది కూడా. అందుకే చాలామంది ఈ పొరపాటు చేస్తారు. కానీ టైరులో లీటర్ల కొద్దీ గాలి పడుతుంది, షాక్‌లలో అందులో ఎన్నో వంతో మాత్రమే పడుతుంది. రెండు షాక్‌లూ వాటిని కలిపే గొట్టమూ కలిపి గాలికి ఉన్న చోటు 100 ఘన సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు కేవలం 20 ఘన సెంటీమీటర్ల బయటి గాలిని లోపలికి తోస్తే చాలు, పీడనం దాదాపు 3 పీఎస్‌ఐ పెరుగుతుంది. కంప్రెసర్ ట్యాంకులో సాధారణంగా వంద పీఎస్‌ఐకి పైగా పీడనం ఉంటుంది. దాని మీట నొక్కిన క్షణంలోనే షాక్ హద్దు దాటిపోతుంది, గేజ్ ముల్లు మీ కంటికి కనిపించేలోపు సీల్ మీద పడకూడని భారం పడిపోతుంది. మీరు వాడవలసింది చిన్న సిలిండర్ ఉన్న, సస్పెన్షన్ కోసమే చేసిన చేతి పంపు. దాని గేజ్ 0 నుంచి 60 పీఎస్‌ఐ వరకు చూపేదైతే మీ పనికి సరిపోతుంది. 300 దాకా చూపే గేజ్‌లో 18కీ 22కీ తేడా తెలియదు. గేజ్ మీద కిలోపాస్కల్, బార్, పీఎస్‌ఐ గీతలు పక్కపక్కనే ఉంటే ఏ వరుస చదువుతున్నారో సరిచూసుకోండి. 1 బార్ అంటే 100 కిలోపాస్కల్, దాదాపు 14.5 పీఎస్‌ఐ.

గేజ్ పెట్టిన ప్రతిసారీ పీడనం తగ్గడానికి కారణం కూడా ఆ చోటు చిన్నదై ఉండటమే. పైన చెప్పిన 100 ఘన సెంటీమీటర్ల ఉదాహరణే తీసుకోండి. లోపల 30 పీఎస్‌ఐ ఉంది. మీరు తగిలించిన గేజ్ గొట్టంలో ఉన్న ఖాళీ 10 ఘన సెంటీమీటర్లే అనుకున్నా, షాక్‌లోని గాలి ఆ ఖాళీలోకి కూడా పరుచుకునేసరికి గేజ్ చూపేది 27 మాత్రమే. షాక్ ఏమీ కారలేదు, కొలవడమే దాన్ని తగ్గించింది. ఇక టైరు గేజ్ అయితే వాల్వ్ మీద పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ బుస్సుమని కొంత గాలి వదులుతుంది. టైరులో ఆ కాస్త లెక్కలోకి రాదు, ఇక్కడ అదే ఐదారు పీఎస్‌ఐ అవుతుంది. మీ 30 కాస్తా మర్నాడు 25గా కనిపించడానికి, ఆ మర్నాడు ఇంకా తగ్గడానికి ఇదొక్కటే కారణం అయి ఉండటానికి చాలా అవకాశం ఉంది. మంచి సస్పెన్షన్ పంపుల కొసలో వాల్వ్ సూదిని ముందుగా వదిలి, ఆ తర్వాతే మర విప్పే ఏర్పాటు ఉంటుంది. అలాంటి పంపును తీసేటప్పుడు మీకు వినిపించే చిన్న శబ్దం పంపు గొట్టంలోని గాలిది, షాక్‌లోది కాదు. కాబట్టి నింపి ముగించినప్పుడు పంపు గేజ్ చూపిన అంకెనే నమ్మండి, మళ్లీ సరిచూడాలని తగిలించి తీయకండి.

పీడనం చూసేటప్పుడు బండి ప్రతిసారీ ఒకే స్థితిలో ఉండాలి. మనుషులు ఎక్కి ఉంటే గాలి నొక్కుకుని ఎక్కువ చూపిస్తుంది, చక్రం వేలాడుతుంటే తక్కువ చూపిస్తుంది. మీ పుస్తకం ఏ స్థితిలో చూడమందో అదే పాటించండి, ఏమీ చెప్పకపోతే సామాను దించి, ఎవరూ ఎక్కకుండా, బండి నిటారుగా ఉన్నప్పుడు చూడండి. బండి నడిపి వచ్చిన వెంటనే కూడా చూడకండి. 20 డిగ్రీల దగ్గర 30 ఉన్న గాలి 40 డిగ్రీలకు వేడెక్కితే దానంతట అదే 33 అవుతుంది. లోపలి నూనె వేడికి వ్యాకోచించి గాలి చోటును ఇంకొంచెం ఆక్రమిస్తుంది కూడా. వేడి మీద 33 చూసి మూడు తగ్గించారంటే, తెల్లవారి చల్లబడ్డాక 27 దగ్గరే ఉంటుంది.

తగ్గించవలసి వస్తే నిదానంగా తగ్గించండి, ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. వాల్వ్ సూదిని ఒక్కసారిగా నొక్కిపడితే గాలితోపాటు నూనె కూడా తుంపరలుగా బయటికి వస్తుంది. ఆ నూనె వెనక బ్రేకు డిస్కు మీదో టైరు మీదో పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పైగా చాలా షాక్‌లలో అలా పోయిన నూనెను మళ్లీ నింపే వీలుండదు, పోయినంత మేరకు షాక్ శాశ్వతంగా బలహీనపడుతుంది. వాల్వ్ చుట్టూ గుడ్డ చుట్టి, సూదిని క్షణంపాటు తాకి వదులుతూ, నాలుగైదు విడతల్లో తగ్గించండి. పంపుకే గాలి వదిలే మీట ఉంటే అదే వాడండి. బండి సైడ్ స్టాండ్ మీద ఉండగా గాలి వదిలితే అది కుంగుతూ నిటారవుతుందని పైన చెప్పాను కదా, ఆ సమయంలో ఒక చేయి బండి మీద ఉండాలి.

షాక్‌లు నిజంగా కారుతున్నాయో లేదో తేల్చుకోవడానికి గేజ్ పనికిరాదని ఇప్పటికి అర్థమై ఉంటుంది. ఎత్తు కొలతనే ఇక్కడా వాడండి. చేతి పంపుతో 25కి నింపి, వాల్వ్ మూత పెట్టి, షాక్‌లను కొన్నిసార్లు నొక్కి వదిలి, ఇరుసు నుంచి గుర్తు దాకా ఉన్న దూరం రాసుకోండి. రెండు మూడు రోజుల తర్వాత, ఉదయం పూట అదే చోట, అదే విధంగా కొలవండి. దూరం మారకపోతే మీ షాక్‌లలో గాలి నిలుస్తోంది, ఇక నెలకోసారి చూసుకుంటే చాలు. దూరం తగ్గితే సబ్బునీళ్లు కలిపి మొదట వాల్వ్ నోటి మీద వేయండి. బుడగలు వచ్చాయంటే వాల్వ్ లోపలి కోర్ వదులైంది లేదా దాని రబ్బరు అరిగింది, దాన్ని మార్చడం నిమిషాల పని. తర్వాత రెండు షాక్‌ల గొట్టాలు కలిసే మూడుదారుల జాయింటు మీద, ఆ పైన ప్రతి గొట్టం షాక్‌లోకి దిగే చోట వేయండి. ఆ చోట్ల ఉండే చిన్న రబ్బరు రింగులు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి గాలి వదులుతాయి. రెండు షాక్‌లూ ఒకే గొట్టంతో కలిసి ఉన్నాయి కనుక ఒక్క చోట కారినా రెండింటి గాలీ పోతుంది, దాన్నిబట్టి రెండూ చెడిపోయాయని అనుకోకూడదు. ఎక్కడా బుడగలు లేకుండా ఒక షాక్ కడ్డీ మీద నూనె తడి, దానికి అంటిన దుమ్ము కనిపిస్తే మాత్రం సీల్ పోయినట్టే.

సీల్ పోయిన షాక్‌ను గాలి ఎక్కువ పెట్టి నెట్టుకురావాలని దయచేసి చూడకండి. గాలి బరువును మోయగలదు గానీ కదలికను ఆపలేదు. గతుకు దాటాక బండి ఊగకుండా నిలబెట్టేది నూనె సన్నని రంధ్రాల గుండా ప్రవహిస్తూ కలిగించే నిరోధం, దాన్నే డ్యాంపింగ్ అంటాం. ఈ తరహా షాక్‌లలో చాలావాటికి డ్యాంపింగ్‌ను మార్చుకునే ఏర్పాటు ఉండదు. గాలి పెంచి స్ప్రింగ్‌ను బలపరిచినప్పుడు అదే పాత డ్యాంపింగ్ దాన్ని అదుపుచేయవలసి వస్తుంది, నూనె తగ్గిన షాక్‌కు అది సాధ్యం కాదు. వెనకభాగాన్ని బలంగా నొక్కి వదిలి చూడండి. పైకి వచ్చి ఒక్కసారికే నిలదొక్కుకుంటే బాగున్నట్టు. రెండు మూడుసార్లు ఊగితే, కుంగుదల కొలత ఎంత సరిగ్గా ఉన్నా ఆ షాక్‌ల కాలం తీరినట్టే. పొడవాటి వంపులో బండి వెనకభాగం అలలా తేలుతున్నట్టు అనిపించడం కూడా ఇదే లక్షణం. మార్చవలసి వస్తే రెండింటినీ కలిపే మార్చాలి.

సామాను గురించి కూడా ఒక మాట చెప్పాలి. 35 నింపినా కుంగుదల మూడో వంతుకు రావడం లేదంటే, ఆ బరువు ఆ షాక్‌ల శక్తికి మించినది. బండి ఫ్రేమ్ మీది పట్టీలో లేదా పుస్తకంలో మనుషులతో సామానుతో కలిపి బండి మొత్తం బరువు ఎంతకు మించకూడదో రాసి ఉంటుంది. గాలి పెంచడం వల్ల ఆ పరిమితి పెరగదు, ఎందుకంటే టైర్లు, బ్రేకులు, చక్రాలు అన్నీ ఆ అంకెను బట్టే తయారయ్యాయి. సామాను సర్దేటప్పుడు బరువైనవి సైడ్ బాక్సుల్లో, వీలైనంత కిందికి, ముందుకు పెట్టండి. వెనక పెట్టె చక్రం ఇరుసుకు వెనక ఉంటుంది కాబట్టి అందులోని ప్రతి కిలో వెనక షాక్‌ల మీద ఒక కిలో కన్నా ఎక్కువ భారమే వేస్తుంది, ఆ మేరకు ముందు చక్రం తేలికైపోతుంది. ఆ పెట్టెను రెయిన్‌కోట్ల వంటి తేలికపాటి వస్తువులకు వదిలేయండి. ఇద్దరు ఎక్కినప్పుడు పుస్తకంలో టైర్లకు వేరే పీడనం చెప్పి ఉంటే షాక్‌లతోపాటు అదీ సరిచేసుకోవాలి.

మీరు పాత బండి కొనడమో, దీన్ని మార్చడమో ఆలోచిస్తున్నట్టయితే ఇంకొక వివరం ఉపయోగపడవచ్చు. 1980 నాటి హోండా గోల్డ్ వింగ్ జీఎల్1100 నుంచి చాలా ఏళ్లపాటు పెద్ద టూరింగ్ బండ్లలో ఎయిర్ సస్పెన్షన్ సర్వసాధారణంగా ఉండేది. తర్వాత తయారీదారులు మరో దారి పట్టారు. 2001 మోడల్ జీఎల్1800లో స్ప్రింగ్ బిగింపును విద్యుత్ మోటారుతో మార్చే ఏర్పాటు వచ్చింది. హార్లే డేవిడ్‌సన్ 2017 మోడల్ టూరింగ్ బండ్లలో గాలి బదులు చేత్తో తిప్పే నాబ్ పెట్టింది. అలాంటి బండిలో పంపు, వాల్వ్, కారడం అన్న చింతలు ఉండవు. కుంగుదల కొలిచే పద్ధతి మాత్రం ఇదే, పీఎస్‌ఐ బదులు నాబ్ ఎన్ని మలుపులు తిప్పారో రాసుకుంటారు.

మీరు చేయవలసిన వరుస ఇది: ముందు చేతి పంపు సంపాదించండి, తర్వాత రెండు మూడు రోజుల ఎత్తు పరీక్షతో షాక్‌లు గాలి నిలుపుతున్నాయో లేదో తేల్చుకోండి, నిలిపితేనే కుంగుదల కొలతకు కూర్చోండి. కారుతున్న షాక్‌ల మీద తీసిన కొలత మర్నాటికే చెల్లదు. పరీక్షలో తేలిన సంగతి, మూడు స్థితుల కొలతలు, మీ పుస్తకంలోని వెనక చక్రపు కదలిక రాసి పంపితే మీ బండికి సరిపడే పీడనం గురించి ఇంకా నిర్దిష్టంగా చెప్పగలను.